తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం

పుట్టిన బిడ్డను చూడగానే "కళ్లు మేనమామవి", "ముక్కు అచ్చం నాయనమ్మదే" అంటారు మన పెద్దవాళ్లు. ఈ పోలికలు ఎలా వస్తాయి? పోలికలతో పాటు జబ్బులు కూడా వస్తాయా? ఇది మార్కుల కోసమే చదివే పాఠం కాదు. రేపు తల్లిదండ్రులు కాబోయే మనందరం తెలుసుకోవలసిన విషయం.

మన శరీర కణాల కేంద్రకంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చినది, మరొకటి తండ్రి ఇచ్చినది. జన్యువులు ఉండేది వీటి మీదనే. అందువల్ల దాదాపు ప్రతి జన్యువూ మనలో రెండేసి ఉంటుంది. మనం మన బిడ్డకు ఇచ్చేది ఆ రెండింటిలో ఒక్కటే. ఏది వెళ్తుందనేది బొమ్మా బొరుసూ లాంటిది.

ఈ సూత్రాన్ని మొదట కనిపెట్టినవాడు గ్రెగర్ మెండల్. ఆయన ఒక రైతు బిడ్డ. మఠంలో ఉంటూ తోటలో బఠానీ మొక్కలు పెంచి లెక్కలు రాశాడు. పొడుగు మొక్కను పొట్టి మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ పొడుగువే వచ్చాయి. కానీ ఆ తరువాతి తరంలో మూడు పొడుగు మొక్కలకు ఒకటి చొప్పున పొట్టివి మళ్లీ కనిపించాయి. అంటే పొట్టి లక్షణం పోలేదు, దాగి ఉంది. 1866లో అచ్చయిన ఈ పరిశోధన విలువను లోకం 1900లో గాని గుర్తించలేదు. అప్పటికి మెండల్ చనిపోయి 16 ఏళ్లయింది.

దాగి ఉండే లక్షణం మనుషుల్లోనూ ఉంటుంది. మన ఏజెన్సీ గూడేల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బే దీనికి ఉదాహరణ. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తయారుచేసే జన్యువులో చిన్న మార్పు వల్ల ఇది వస్తుంది. గుండ్రంగా ఉండవలసిన ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. దానితో భరించలేని ఒళ్లు నొప్పులు, రక్తహీనత వస్తాయి.

మారిన జన్యువు ఒక్కటే ఉన్నవారిని వాహకులు అంటారు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా చిన్నతనంలో ప్రాణాంతక మలేరియా నుంచి వారికి కొంత రక్షణ కూడా ఉంటుంది. మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. ఇది శాపమూ కాదు, పూర్వజన్మ పాపమూ కాదు.

తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులైతే పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకంగా ఉండే అవకాశం 50 శాతం, ఏదీ లేకుండా ఉండే అవకాశం 25 శాతం. ఈ లెక్క ప్రతి కాన్పుకూ వర్తిస్తుంది. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు.

మేనరికాల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. మేనమామకు, మేనకోడలికి జన్యువుల్లో సుమారు నాలుగో వంతు, బావామరదళ్లకు ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. కాబట్టి దాగి ఉన్న ఒకే జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. అయితే ఈ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో చుట్టరికం లేనివారు కూడా ఇద్దరూ వాహకులు కావచ్చు.

మిత్రులారా! జబ్బుతో బిడ్డ పుడితే మన ఊళ్లలో ముందుగా మాటలు పడేది కోడలు. కానీ ఈ జబ్బు రావాలంటే మారిన జన్యువు తండ్రి నుంచి కూడా రావాలి. ఆడపిల్ల పుట్టినా తల్లినే అంటారు. నిజానికి తల్లి ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఇస్తుంది. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లవాడు. ఇందులో తల్లి తప్పూ లేదు, తండ్రి తప్పూ లేదు.

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. జబ్బు ఎక్కువగా ఉన్న గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారికి రక్తపరీక్షలు చేయడం ఇందులో భాగం. వాహకులు పెళ్లి మానుకోనక్కరలేదు. జీవిత భాగస్వామిలో ఆ జన్యువు లేకపోతే పిల్లలకు జబ్బు రాదు. ఇద్దరికీ ఉంటే ముందే డాక్టరు సలహా తీసుకోవచ్చు. అందుకే సంబంధం ఖాయం చేసుకునేటప్పుడు జాతకాల కంటే ముందు రక్తపరీక్ష కాగితాలు చూడమని మన ఇళ్లలో చెబుదాం. చదువుకున్న మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?