అక్షరం మీద పడిన నింద

కంప్యూటర్‌కైనా, చేతిలోని ఫోన్‌కైనా ప్రాణం ఆపరేటింగ్ సిస్టమ్. దానిని తయారుచేసిన సంస్థ ఎప్పటికప్పుడు సవరించి కొత్త రూపాలను విడుదల చేస్తూ ఉంటుంది. ఒక్కొక్కప్పుడు పాత లోపాలు పోయి కొత్త లోపాలు వచ్చి చేరుతాయి. 2018 ఫిబ్రవరిలో అటువంటి లోపం ఒకటి తెలుగు లిపిని ప్రపంచ వార్తలకెక్కించింది.

ఆపిల్ ఐఫోన్లలో ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న రోజులవి. ‘జ్ఞా’ అనే అక్షరం ఉన్న సందేశం వస్తే ఆ అప్లికేషన్ మూతపడేది. తెరవబోతే మళ్ళీ మూతపడేది. అదే నోటిఫికేషన్‌గా కనిపిస్తే హోమ్ స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామే కూలిపోయేది. మిత్రుని చేత మరొక సందేశం పంపించుకొని, మొదటిదాన్ని తొలగించడమే అప్పటికి తోచిన ఉపాయం. తెలుగు అక్షరం ఐఫోన్లను కూలుస్తున్నదని పత్రికలు రాశాయి. నేరం అక్షరానిదేనా?

ఇటువంటప్పుడు మొదట తేల్చవలసినది, కూలినది ఏ అంతస్తు అన్నది. ఆపరేటింగ్ సిస్టమ్ అడుగున ఉండే మూలభాగం కెర్నెల్. అది కూలితే యంత్రమంతా ఆగిపోతుంది. ఇక్కడ ఆ అక్షరాన్ని చూపబోయిన ప్రోగ్రాములే కూలాయి. దోషం కెర్నెల్‌లో లేదు. అక్షరాలను తెరమీద గీసే భాగంలో ఉన్నది.

తరువాతి పని అక్షరాన్ని విడదీయడం. కంప్యూటర్ లెక్కలో ‘జ్ఞా’ అంటే జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు. ఫోన్లను కూల్చిన వరుసలో మాత్రం అయిదున్నాయి! ఞకారానికీ దీర్ఘానికీ నడుమ, కంటికి కనిపించని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ దాగి ఉన్నది. అక్షరాలు అతుక్కోకుండా ఆపడం దాని పని. ‘సాఫ్ట్‌వేర్’ అని టైపు చేసేటప్పుడు టకారం కింద వకారం వత్తుగా దిగకుండా దీనినే వాడతారు. గుణింతపు గుర్తుకు ముందు దీనితో పని లేదు. మామూలుగా ‘జ్ఞానం’ అని రాసినవారికి ఏ ఆపదా కలగలేదు. బెంగాలీలోనూ ఇటువంటి వరుసలు కొన్ని ఇదే ఫలితాన్నిచ్చాయి.

అక్షరం కింద అక్షరం నిలపడం కడప జిల్లాలో దొరికిన రేనాటి చోళుల శాసనాల నాటికే ఉన్నది. రాతిమీద శిల్పి సాధించిన పనికి యంత్రం తడబడింది!

ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసింది. లోపం వల్ల యంత్రపు మెమరీ చెడిపోతున్నదనీ, వచ్చే అక్షరవరుసను పరీక్షించే పద్ధతిని మెరుగుపరచామనీ ప్రకటించింది. తన కంప్యూటర్లకు, గడియారాలకు, టీవీ పరికరాలకు కూడా అదే రోజున సవరణ అందించింది.