ఒకే తీరం, రెండు దారులు: యుద్ధం ముంగిట తెలుగు కూలీల బస

జంషెడ్‌పూర్‌లోని కద్మాలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఆంధ్ర అసోసియేషన్ పేరుతో అక్కడొక బడి ఉంది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల మనుషులు ఇంత దూరం వచ్చి ఎలా తలదాచుకున్నారో అర్థం కావాలంటే రెండో ప్రపంచయుద్ధం ముంగిటి రోజులకు వెళ్లాలి.

కరువొచ్చినా, అప్పు పెరిగినా అప్పట్లో ఆ తీరప్రాంత కూలీకి కనిపించిన ముఖ్యమైన దారులు రెండు. విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కితే రంగూన్. బెంగాల్ నాగపూర్ రైలెక్కితే ఖరగ్‌పూర్, ఆపైన టాటానగర్.

రంగూన్ దారి మేస్త్రీ చేతిలో ఉండేది. అతనిచ్చిన అడ్వాన్సు కూలీని అతని ముఠాకే కట్టిపడేసేది. 1931 నాటికి రంగూన్ జనాభా సుమారు 4 లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులే. కూలీలు బస చేసే లాడ్జింగ్ ఇళ్లకు మునిసిపాలిటీ లైసెన్సులిచ్చి, గదికి ఇంతమందే ఉండాలని నియమం పెట్టింది. రాత్రయితే ఆ లెక్క నిలిచేది కాదు. కారణం సులువు: గదిలో మనుషులు పెరిగేకొద్దీ తలా వాటా తగ్గుతుంది, ఇంటికి పంపే డబ్బు మిగులుతుంది. ఇరుకు యజమానికి లాభం, కూలీకి పొదుపు. అందుకే నియమం కాగితం మీదే ఉండిపోయింది.

టాటానగర్‌లోనూ చోటు కరువే. 1911లో 5,672 మందున్న ఊరు 1931కి 83,738కి, 1941కి 1,48,711కి పెరిగింది. కంపెనీ క్వార్టర్లు అందరికీ చాలలేదు. మిగిలినవాళ్లు చుట్టుపక్కల బస్తీలు చూసుకున్నారు. అయితే ఇక్కడ 1912 నుంచే 8 గంటల పనిదినం ఉంది, 1920 నుంచి కార్మిక సంఘం ఉంది. 1928 సమ్మె రోజుల్లో దానికి సుభాష్ చంద్రబోస్ నాయకత్వం వహించారు. బస ఇరుకైనా, గొంతెత్తడానికి ఒక వేదిక ఉంది.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. అది ఈ రెండు ఊళ్లనూ చెరో వైపు నెట్టింది. యుద్ధానికి ఉక్కు కావాలి కాబట్టి టాటా కొలిమికి గిరాకీ పెరిగింది. సాయుధ వాహనాల కవచపు రేకులు అక్కడే తయారయ్యాయి. రంగూన్ మీద మాత్రం 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. కిక్కిరిసిన లాడ్జింగ్ ఇళ్లు ఖాళీ అయ్యాయి. స్టీమరు టికెట్టు దొరకనివాళ్లు కొండదారుల్లో నడిచారు. ఎందరో ఆ దారిలోనే ఆకలికి, కలరాకు, మలేరియాకు బలయ్యారు. బర్మా వదిలినవారు 4 నుంచి 5 లక్షల మంది ఉంటారని అంచనా.

1942 ఆగస్టులో జంషెడ్‌పూర్ కార్మికులు సుమారు రెండు వారాలు పని ఆపారు. ఆ సమ్మె జీతం పెంచమని కాదు, జాతీయ ప్రభుత్వం కావాలని. యుద్ధం ముగిసే వేళకు పెరిగిన జనానికి చోటు చూపడానికి కంపెనీ ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ చేత కొత్త పట్టణ ప్రణాళిక రాయించింది.

ఒకే జిల్లా నుంచి బయల్దేరిన ఇద్దరిలో ఎవరు స్టీమరెక్కారు, ఎవరు రైలెక్కారు అన్నది చాలాసార్లు ఊళ్లో ముందుగా వెళ్లిన బంధువును బట్టి తేలేది. యుద్ధం వస్తుందని ఎవరూ లెక్క వేసుకుని దారి ఎంచుకోలేదు. కద్మాలో నేడు వినిపించే తెలుగు వెనుక ఆ రెండో దారి ఉంది. మొదటి దారిన వెళ్లినవారిలో తిరిగిరానివాళ్ల కోసం ఉత్తరాంధ్ర పల్లెలు ఏళ్ల తరబడి ఎదురుచూశాయి.