'దేశం' అన్న మాట లేని ప్రశ్న

"సమాఖ్యలోంచి వెళ్లిపోయే హక్కు రాష్ట్రానికి ఉంటుందా? కవర్ స్టోరీ. గురువారానికి కాపీ కావాలి" అన్నారు ఎడిటర్‌గారు. ఒక్క వాక్యంలో తేలిపోయే సంగతి: చాలా రాజ్యాంగాల్లో ఉండదు. మరి నాలుగు పేజీలు ఎలా నింపాలా అని తల పట్టుకుంటుంటే ఒక బ్యాలెట్ కాగితం దొరికింది. 1995 అక్టోబరు 30న కెనడాలోని క్యుబెక్ ఓటర్ల చేతికిచ్చింది. ఆ తర్వాత మిగతా ఫైళ్లు తెరవబుద్ధి కాలేదు.

దాని మీది ప్రశ్న సారాంశం ఇదీ: క్యుబెక్ భవిష్యత్తుపై తెచ్చిన బిల్లు, 1995 జూన్ 12న కుదిరిన ఒప్పందం పరిధిలో, కొత్త ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యం కోసం కెనడాకు లాంఛనంగా ప్రతిపాదన పెట్టిన మీదట, క్యుబెక్ సార్వభౌమం కావడానికి మీరు ఒప్పుకుంటారా?

ఇంగ్లిషులో 43 మాటలు. వాటిలో 'దేశం' లేదు. 'విడిపోవడం' లేదు. సార్వభౌమత్వం పక్కనే భాగస్వామ్యం కూర్చుంది. వేరు కాపురం పెడతాం గానీ వంట మాత్రం ఒకే పొయ్యి మీద, అన్నట్టు. కెనడా ఆ ప్రతిపాదనను కాదంటే? జవాబు ప్రశ్నలో లేదు, ఒప్పందంలో ఉంది. చర్చలు మామూలుగా ఏడాది దాటకూడదు, అవి ఫలించకపోతే శాసనసభ సార్వభౌమత్వం ప్రకటించుకోవచ్చు. అసలు కీలకం అక్కడ దాక్కుంది. ఇంత నేర్పుగా రాసిన ప్రశ్నను చూస్తే రాసేవాడిగా ముచ్చటేస్తుంది, ఓటరుగా ఒళ్లు మండుతుంది.

అయినా 93 శాతం మందికి పైగా వచ్చి ఓటేశారు. 'కాదు'కు 50.58 శాతం, 'అవును'కు 49.42. తేడా 54,288 ఓట్లు. చెల్లవని పక్కన పడేసినవి 86 వేల పైచిలుకు! షొమెడీ అనే నియోజకవర్గంలోనైతే పది ఓట్లలో ఒకటికి మించి చెల్లలేదు. వలయంలో పెట్టిన గుర్తు సరిగా ఉందా లేదా అని తగువులు. ఇక ఆ గడ్డ మీద అందరికంటే ముందున్న క్రీ జాతివాళ్లు ఆరు రోజుల ముందే సొంతంగా ఓటింగు పెట్టుకుని, 96 శాతం మంది కెనడాలోనే ఉంటామన్నారు. విడిపోయేవాళ్ల నుంచి విడిపోయే హక్కు ఎవరిదో ఆ 43 మాటల్లో వెతకొద్దు.

చరిత్ర ఒక్క గుక్కలో: ఫ్రెంచి వలస 1763లో బ్రిటన్ చేతికి పోయింది. 1867లో కెనడా సమాఖ్య ఏర్పడింది. 1976లో విడిపోదామనే పార్టీ, పార్టి కెబెక్వా, క్యుబెక్‌లో గెలిచింది. 1980లో తొలి రెఫరెండం ఓడింది. 1982లో కొత్త రాజ్యాంగ చట్టం క్యుబెక్ సమ్మతి లేకుండానే వచ్చింది. 1990లో క్యుబెక్‌ను ఒప్పించే రాజీ ప్రయత్నం చెడింది.

1995లో ఓటు ఇంత దగ్గరగా వచ్చేసరికి ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం బెదిరి, 1996లో సుప్రీంకోర్టును అభిప్రాయం అడిగింది. క్యుబెక్ ప్రభుత్వం ఆ గడప తొక్కనంది. దాని పక్షాన వాదించడానికి కోర్టే ఒక న్యాయవాదిని పెట్టుకుంది. 1998 ఆగస్టు 20న తొమ్మిదిమంది జడ్జీలు ఒకే మాట చెప్పారు: ఏకపక్షంగా వెళ్లిపోయే హక్కు రాజ్యాంగంలో లేదు. అంతర్జాతీయ చట్టమూ ఇవ్వదు, క్యుబెక్ వలస కాదు, అణచివేతలో లేదు. అయితే స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ 'అవును' అంటే, మిగతావాళ్లు చర్చలకు కూర్చోవాల్సిందే.

ఈ రెండో సగమంటే నాకు ఇష్టం. లేని హక్కును లేదని చెబుతూనే తలుపుకు తాళం వేయలేదు. కానీ 'స్పష్టం' అంటే ఎంత? కోర్టు అంకె చెప్పలేదు, అది రాజకీయులు తేల్చుకోవాలంది. 2000లో వాళ్లు తేల్చుకున్న తీరు ఇదీ: ప్రశ్న, మెజారిటీ స్పష్టమో కాదో మేమే చూస్తామని ఒట్టావా ఒక చట్టం చేసింది. సగానికి ఒక్క ఓటు ఎక్కువైతే చాలని క్యుబెక్ మరో చట్టం చేసింది.

బాక్సులో పట్టినంత

మన దగ్గర: 'యూనియన్' అన్న మాట ఎందుకో 1948 నవంబరు 4న అంబేడ్కర్ చెప్పారు. సమాఖ్య రాష్ట్రాల ఒప్పందంతో పుట్టలేదు, కాబట్టి ఏ రాష్ట్రానికీ బయటికెళ్లే హక్కు లేదు. 2014లో తెలంగాణ వచ్చింది మూడో అధికరణ దారిలో, అది ఇంటి లోపలి పంపకం.

సోవియట్: 1977 రాజ్యాంగంలో వెళ్లిపోయే హక్కు ఉంది. 1990 ఏప్రిల్‌లో దానికి విధివిధానాలు పెట్టారు: మూడింట రెండొంతుల ఓట్లు, ఐదేళ్ల దాకా నిరీక్షణ. లిథువేనియా అంతకు ముందు నెలలోనే వెళ్లిపోతున్నామని ప్రకటించేసింది.

నెవిస్: రాజ్యాంగమే దారి చూపిన బుల్లి దీవి. 1998లో దాదాపు 62 శాతం 'అవును' అన్నారు. కావలసింది మూడింట రెండొంతులు.

పశ్చిమ ఆస్ట్రేలియా: 1933 ఏప్రిల్ 8న 66 శాతం మంది విడిపోదామన్నారు. అదే రోజు జరిగిన ఎన్నికల్లో, విడిపోదామన్న ప్రభుత్వాన్ని ఇంటికి పంపి, వద్దన్న లేబర్ పార్టీని గద్దెనెక్కించారు.