మీకు తెలుసా? కంద పేరులోనే మొలల మందు

కృష్ణా తీరాన పెళ్లి భోజనంలో ఆవ పెట్టిన కందబచ్చలి కూర పడకపోతే విస్తరి వెలితిగానే ఉంటుంది. ఆ కందకు సంస్కృతంలో సూరణం అని ఒక పేరు, అర్శోఘ్నం అని ఇంకో పేరు. అర్శస్సులంటే మొలలు. వాటిని పోగొట్టేది కాబట్టి అర్శోఘ్నం. బెజవాడలో ఏ వీధికెళ్లినా ‘పైల్స్’ అని బోర్డు కనిపించే ఈ బాధకు మన పెద్దలు కూరగాయల బుట్టలోనే దారి వెతికారు.

అసలు మొలలు బయటినుంచి వచ్చి పడేవి కావు. మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తని దిండ్లలాంటివి అందరికీ ఉంటాయి. మలం గట్టిపడి రోజూ ముక్కాల్సి వస్తే అవి ఉబ్బుతాయి, కిందికి జారతాయి, రక్తం పడుతుంది. గర్భిణులకు కడుపులో బరువు వల్ల కూడా వస్తాయి. ఏ కారణంతో వచ్చినా ముందు మలం మెత్తబడాలి. మెత్తబరిచేది పీచు, మన తిండిలో తగ్గిపోయిందీ అదే.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరి మాగాణి అయింది. ఆ తర్వాత మరలొచ్చి బియ్యాన్ని తెల్లగా చేశాయి. తవుడుతో పాటు పీచూ పోయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 2000 కేలరీలు తినే మనిషికి రోజుకు 30 గ్రాముల పీచు కావాలి. మూడు పూటలా తెల్లన్నం, పచ్చడి, పెరుగుతో అది రాదు. 100 గ్రాముల కందలో దాదాపు 4 గ్రాములుంటుంది. చిక్కుడు, తోటకూర, జామపండు, ఇసబ్‌గోల్ కూడా పీచునిస్తాయి. 378 మంది మొలల రోగులపై జరిగిన 7 పరీక్షలను 2005లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్షించింది. పీచు తీసుకున్నవాళ్లలో రక్తం పడటం సగానికి తగ్గింది.

కంద కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి. అందులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, దురద వాటిదే. పసుపు, చింతపండు పులుసు వేసి ముక్క మెత్తబడేదాకా ఉడికిస్తే నాలుక మీద గరగర ఉండదు. కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ‘గజేంద్ర’ రకానికి దురద బాగా తక్కువ. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం కంద తగ్గించాలి.

చరక సంహితలో అర్శస్సుల చికిత్స చెప్పే అధ్యాయం మజ్జిగను ఎంతో మెచ్చుకుంది. మన ఎండల్లో చెమట పట్టి ఒళ్లు ఎండిపోతే మలమూ గట్టిపడుతుంది. అందుకే పలచని మజ్జిగ, మంచినీళ్లు ధారాళంగా తాగాలి. నొప్పిగా ఉన్నప్పుడు వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని పావుగంట కూర్చుంటే చాలా ఉపశమనం. రోజుకు రెండు మూడుసార్లు కూర్చోవచ్చు. ఫోను పట్టుకుని మరుగుదొడ్డిలో గంటలు గడిపే అలవాటును ఇవాళే మానేయాలి.

ఇవన్నీ బాధను తగ్గిస్తాయి. కానీ రక్తం పడిన ప్రతిసారీ అది మొలలే అనుకోకండి. పేగు క్యాన్సర్‌లోనూ రక్తం పడుతుంది. సిగ్గుపడి నెలల తరబడి దాచుకున్నవాళ్లే చివరికి ఎక్కువ నష్టపోతున్నారు. మలం నల్లగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా, 45 ఏళ్లు దాటాక మొదటిసారి రక్తం కనిపించినా, బోర్డు చూసి లోపలికెళ్లి సూది వేయించుకోకుండా అర్హత ఉన్న డాక్టరుకు చూపించుకోండి.