“పూర్తి” అని ఎప్పుడు వ్రాయవలెను?

మన బెంగళూరు నగరమున ఏ కంపెనీలోను ఉద్యోగము చేయక, ఇంటినుండియే అంగళ్లకు, ఆసుపత్రులకు, పాఠశాలలకు వెబ్‌సైటులు తయారుచేసి యిచ్చు యువతీయువకులు పెక్కురు గలరు. దీనిని ఫ్రీలాన్సు వృత్తి యందురు. నెలజీతము లేని యీ వృత్తి నిలుచునా యని తల్లిదండ్రులకు సందేహము కలుగుట సహజము. అది చాలవరకు లెక్కపుస్తకముపై ఆధారపడి యున్నదని మేము తలంచుచున్నాము. ఆ పుస్తకమున ముఖ్యమైనది “పూర్తి” యను గుర్తు.

పని యీయదలచి క్లయింటు చేయు తొలి విచారణను ఈ వృత్తివారు లీడు అందురు. ఫోనులో మాటలాడినంతనే గాని, ఖర్చు అంచనా పంపినంతనే గాని లీడు పూర్తి కాదు. ప్రతిపాదనకు అంగీకారము లభించినగాని ఒప్పందము ఏర్పడదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. కావున వ్రాతమూలకమైన అంగీకారమును, బయానా సొమ్మును చేతికందిన దినమున లీడు పూర్తియైనట్లు వ్రాసి, పనికి వేరొక పద్దు తెరువవలెను. క్లయింటు వద్దన్నచో “రాలేదు” అని వ్రాయవలెను. జవాబే రానిచో, గడువు తెలిపి రెండుమారులు జ్ఞాపకము చేసి, పిమ్మట “నిలిచినది” అని వేరుపరుపవలెను. అన్నిటిని “పూర్తి” యని కలిపి వ్రాసినచో రాబోవు నెలకు ఎంత పని యున్నదో తెలియదు. లేని పనిని నమ్ముకొని వచ్చిన పనిని వదలుకొనవలసి వచ్చును.

పని పద్దు సంగతి వేరు. ఒక మిఠాయి అంగడి వెబ్‌సైటునకు 60,000 రూపాయలు కుదిరి, అందు 20,000 ముందుగను, 20,000 నమూనా ఒప్పుకొన్నపుడును, 20,000 అప్పగింతనాడును ఈయవలె ననుకొందము. సైటు తెరపై కనబడి యజమాని మెచ్చుకొనగనే “పూర్తి” యని వ్రాసినచో కడపటి 20,000 మరుగున పడును. డొమైను పేరు యజమాని పేర నమోదైనదా, పాస్‌వర్డులు ఆయనకు చేరినవా యనునదియు మరపునకు వచ్చును. మన పెద్దలు ప్రోనోటుపై కడపటి పైసా ముట్టినగాని “చెల్లు” వ్రాసెడివారు కారు. ఇచటను అదియే పద్ధతి.

అప్పగించిన తేదీని విడిగా వ్రాసి యుంచుట మరియొక అవసరము. ఉద్యమ్ నమోదు పొందిన చిన్నసంస్థకు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము అండగా నున్నది. అప్పగించిన 15 దినములలో వ్రాతపూర్వకమైన ఆక్షేపణ రానిచో, అప్పగించిన నాడే పనిని అంగీకరించినట్లు లెక్క. గడువు నెంతగా కుదుర్చుకొన్నను, అంగీకరించిన నాటినుండి 45 దినములు మించరాదు. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడురెట్లు చక్రవడ్డీ పడును. చెల్లింపునకు గడువే కుదుర్చుకొననిచో, పని ముగిసిన నాటినుండి 3 ఏండ్లలోపల దావా వేయవలెనని 1963 నాటి కాలపరిమితి చట్టము. తేదీ లేని “పూర్తి” ఈ హక్కులలో దేనికిని అక్కరకు రాదు.

కావున, తల్లిదండ్రులారా! ఈ వృత్తి చేపట్టిన బిడ్డను “ఈ నెల ఎన్ని పనులు వచ్చినవి?” అని మాత్రమే అడుగక, “ఎన్నింటికి చెల్లు వ్రాసితివి?” అని కూడ అడుగుడని మా మనవి.