కనురెప్ప గాయానికి కుట్లా, జిగురా?

రెప్ప వాలి చూపునకు అడ్డుపడినప్పుడు, వదులైన చర్మం కంటిపైకి జారినప్పుడు, రెప్పపై గడ్డను తీయవలసినప్పుడు శస్త్రచికిత్స చేస్తారు. చెన్నైలో ఇందుకు పాత చిరునామా ఎగ్మోర్ ప్రభుత్వ కంటి ఆసుపత్రి. 1819లో ప్రారంభమైన ఈ సంస్థ ఆసియాలోని అతి పాత కంటి ఆసుపత్రులలో ఒకటి. కోసిన చోటును ఎలా మూస్తారన్నది మాత్రం రోగులు అరుదుగా అడిగే ప్రశ్న.

దేహంలోకెల్లా పలుచనైన చర్మం రెప్పదే. అందుచేత కుట్టుకు తలవెంట్రుకంత సన్నని దారం వాడుతారు. కరగని దారమైతే సాధారణంగా అయిదు నుండి ఏడు రోజులలో తీయించాలి. ఆలస్యమైతే దారం దిగిన చోట గుర్తులు మిగలవచ్చు. శస్త్రచికిత్స కాగానే నెల్లూరుకో ఒంగోలుకో రైలెక్కేవారికి అసలు చిక్కు ఇక్కడే. ఊరికి వెళ్లక తప్పదంటే ఆ మాట వైద్యునికి ముందే చెప్పండి. కరిగే దారం వాడే వీలుండవచ్చు. లేదా డిశ్చార్జి చీటీ చూపి ఊరి ఆసుపత్రిలో కుట్లు తీయించుకోవచ్చు.

రెండవ మార్గం కణజాల జిగురు. సైనోఅక్రిలేట్ అనే ఈ పదార్థం 1942లో అమెరికాలో తుపాకీ గురికి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెదకుతుండగా బయటపడింది. చర్మానికి అనువైన ఆక్టైల్ రకానికి అక్కడ 1998లో అనుమతి లభించింది. గాయం అంచులను దగ్గరకు చేర్చి పైన పూస్తే, తేమ తగిలి గట్టిపడి పొరగా నిలుస్తుంది. అయిదు నుండి పది రోజులలో తానే రాలిపోతుంది. తీయించుకొనే పని లేదు గనుక ఒకనాటి కూలి మిగులుతుంది. రెప్పపై రెండింటినీ పోల్చిన పరిశీలనలలో చివరికి మిగిలే మచ్చలో పెద్ద భేదం కనిపించలేదు.

అయినా జిగురు అన్నిటికీ పనికిరాదు. రెప్ప అంచు చీలినా, గాయం లోతుగా ఉన్నా, రక్తం ఊరుతున్నా, అంచులు బిగువుగా లాగుతున్నా కుట్లే నమ్మకం. జిగురు చుక్క కంటిలో పడితే ప్రమాదం. వెంట్రుకలు అంటుకుంటే లాగకండి, ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో మిగిలిన ఆయింట్‌మెంట్ పూయవద్దు; అందులోని జిడ్డు జిగురు పొరను కరిగిస్తుంది. దుకాణంలో చెప్పులు అతికించేందుకు కొనే జిగురు కూడా ఈ కుటుంబానిదే. దానిని గాయంపై ఎన్నడూ వాడరాదు.

కుట్లయినా జిగురైనా, కన్ను తీవ్రంగా నొప్పిపెట్టి ఉబ్బినా, చూపు తగ్గినా తెల్లవారే దాకా ఆగక వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.