హారాన్ని అకరణీయం చేయడం

హారాన్ని అకరణీయం చేయడం అనగా, భిన్నం యొక్క హారంలో వర్గమూలం ఉన్నప్పుడు, భిన్నం విలువ మారకుండా ఆ వర్గమూలాన్ని హారం నుండి తొలగించే ప్రక్రియ. ఉదాహరణకు 1/√3 ను √3/3 గా వ్రాయడం. ఇందుకు లవ హారాలు రెండింటినీ ఒకే రాశిచే గుణిస్తారు. ఆ రాశిని అకరణీ కారణాంకం అంటారు.

ఒకే పదం గల హారం

కృష్ణా డెల్టాలో, తోట్లవల్లూరు మొదలుకొని దివిసీమ వరకు, పొలాన్ని ఎకరాలు, సెంట్లలో కొలుస్తారు. ఎకరానికి 4840 చదరపు గజాలు. చతురస్రాకారంలో ఉన్న ఎకరం పొలం భుజం √4840, అనగా 22√10 గజాలు. అందులో మూడవ వంతు వైశాల్యం గల చతురస్రపు మడి కావాలంటే భుజం 22√10/√3 అవుతుంది. దీనిని ఇలాగే లెక్కిస్తే 1.7321 వంటి దశాంశంతో భాగించాలి. లవ హారాలను √3 చే గుణిస్తే 22√30/3 వస్తుంది. ఇక భాగించవలసినది 3 చేతనే. విలువ సుమారు 40.17 గజాలు.

కాలిక్యులేటర్ ఉన్నవారికి ఈ సౌలభ్యం పెద్దగా కనిపించదు. అయితే 6/√3, √12 రెండూ 2√3 కు సమానమన్న సంగతి అకరణీయం చేస్తేనే తేటపడుతుంది.

శుల్బసూత్రాలలో

ఈ పద్ధతికి ప్రాచీనమైన ఉదాహరణ ఒకటి ఆపస్తంబ శుల్బసూత్రంలో ఉంది. తెలుగునాట కృష్ణ యజుర్వేదీయులలో అధికులు అనుసరించేది ఆపస్తంబ సూత్రాన్నే. యజ్ఞవేదికలను తాడుతో కొలిచి నిర్మించే విధానం ఇందులోని విషయం. మూడు రెట్లు వైశాల్యం గల చతురస్రపు భుజం త్రికరణి (√3). మూడవ వంతు వైశాల్యం గల దాని భుజం తృతీయకరణి (1/√3). √3 భుజంగా గల చతురస్రాన్ని తొమ్మిది సమాన చతురస్రాలుగా విభజిస్తే ఒక్కొక్క భాగం వైశాల్యం 3/9, భుజం √3/3. అదే తృతీయకరణి.

సోమయాగపు మహావేది సమలంబ చతుర్భుజం. దాని సమాంతర భుజాలు 24, 30 ప్రక్రమాలు, పొడవు 36. సౌత్రామణి వేది వైశాల్యం అందులో మూడవ వంతు. కనుక ప్రక్రమానికి బదులు తృతీయకరణిని ప్రమాణంగా తీసుకొని అవే సంఖ్యలతో కొలవవచ్చు. లేదా త్రికరణిని ప్రమాణంగా తీసుకొని 8, 10, 12 గా కొలవవచ్చునని సూత్రకారుడు చెప్పాడు. 24/√3 = 8√3, 30/√3 = 10√3, 36/√3 = 12√3 అన్నదే ఇక్కడి విషయం. రెండు విధాలా వైశాల్యం 972 నుండి 324 కు తగ్గుతుంది.

రెండు పదాలు గల హారం

హారం √5 + √2 అయితే దానిని దానితోనే గుణించి లాభం లేదు. 7 + 2√10 వచ్చి, వర్గమూలం అలాగే మిగిలిపోతుంది. సంయుగ్మమైన √5 − √2 తో గుణిస్తే 5 − 2 = 3 వస్తుంది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు బీజగణితంలో చెప్పినదీ ఇదే: భాజకంలోని ఒక కరణి గుర్తును మార్చి, దానితో భాజ్య భాజకాలు రెండింటినీ గుణించాలి. ఆయన ఉదాహరణలో √9 + √450 + √75 + √54 ను √18 + √3 చే భాగించాలి. √18 − √3 తో గుణిస్తే భాజకం 15, భాజ్యం 75 + 15√3 అవుతాయి. భాగఫలం 5 + √3.

చరరాశులు ఉన్నప్పుడు

(క్ష − 9)/(√క్ష − 3) ను √క్ష + 3 తో గుణించి సూక్ష్మీకరిస్తే √క్ష + 3 మిగులుతుంది. క్ష = 9 వద్ద మొదటి భిన్నానికి విలువ లేదు, సూక్ష్మరూపానికి మాత్రం 6 వస్తుంది. కాబట్టి క్ష ≥ 0, క్ష ≠ 9 అన్న నియమాన్ని జవాబుతో పాటు వ్రాయాలి.

దీనికి విపర్యయం కూడా ఉంది, దానిని ఎక్కువమంది గమనించరు. 1/(√క్ష + 3) కు క్ష = 9 వద్ద 1/6 అనే చక్కని విలువ ఉంది. అకరణీయం చేయగా వచ్చే (√క్ష − 3)/(క్ష − 9) కు అక్కడ విలువే లేదు. గుణించిన √క్ష − 3 అక్కడ సున్న కావడమే కారణం.

కంప్యూటర్ గణనలలో కొన్నిచోట్ల లవాన్నే అకరణీయం చేస్తారు. నాలుగు దశాంశ స్థానాల వరకే తీసుకుంటే √10001 − √10000 = 100.0050 − 100 = 0.0050, ఇందులో నమ్మదగిన అంకెలు రెండే. దీనినే 1/(√10001 + 100) గా మార్చి, అదే 100.0050 ను వాడితే 0.00499988 వస్తుంది.